పైఅంతస్తు అద్దె ఇల్లు, మండే స్లాబు: కూల్ రూఫ్ పాలసీలో పాత ఇళ్ళకు చోటెక్కడ?

మల్కాజ్‌గిరి_రమణ
150 గజాల ప్లాటు, పాత ఇల్లు. కింద ఓనర్లు, పైన మేం అద్దెకు. ఏప్రిల్ వచ్చిందంటే రాత్రి పదింటికి కూడా మంచమెక్కి పైకప్పుకు చెయ్యి ఆనిస్తే ఇస్త్రీపెట్టె లెక్క ఉంటది. ఫ్యాన్ వేస్తే ఆ వేడే కిందికి దిగుతది. పిల్లలు తెల్లారుగట్ల మూడింటికి గాని పడుకోరు.

ఓనర్‌ను అడిగినం, స్లాబుకు తెల్ల పెయింట్ వేయించమని. "కరెంటు బిల్లు మీరే కట్టుకుంటున్నరు గద, నాకెందుకు ఖర్చు" అన్నడు. కోపంతోని అనలే, మామూలుగనే అన్నడు. ఆయన లెక్క ఆయనది.

2023 ఏప్రిల్‌ల తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ వచ్చింది. కూల్ రూఫ్ అంటే ఎండను తిప్పికొట్టి వేడెక్కకుండ ఉండే కప్పు. 2028 దాకా. రాష్ట్రంల 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు చల్లగ చేస్తమన్నరు. మంచిగనే ఉంది. తీరా చదివితే తప్పనిసరి అన్నది సర్కారు భవనాలకు, వాణిజ్య భవనాలకు, ఇళ్ళయితే 600 గజాలు, అంతకన్న పెద్ద ప్లాట్లకు. మిగిలినోళ్ళకు ఇష్టముంటేనే. 600 గజాల ఇంట్ల గదికో ఏసీ ఉంటది. మా అసొంటి ఇండ్లకేముంది అందుల? ఎవరికన్న తెలిస్తే చెప్పండి.

సివిల్_సూరి
600 గజాల గీత ఎక్కడ నుంచి వచ్చిందంటే, నా ఊహ ఇది. అప్పటి టీఎస్ బీపాస్‌లో (ఇంటి అనుమతుల ఆన్‌లైన్ పద్ధతి) 75 గజాల లోపు అయితే అనుమతే అక్కర్లేదు, రిజిస్టర్ చేసుకుంటే చాలు. 600 గజాల వరకూ సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి. అది దాటితేనే అధికారులు ప్లాను పరిశీలించేది. అంటే ప్రభుత్వానికి పట్టు దొరికేచోటే తప్పనిసరి అన్నారు. కూల్ రూఫ్ వేస్తేనే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయ్యాక ఇచ్చే పత్రం) అని మెలిక పెట్టొచ్చు కదా. మీ ఓనర్ ఆ సర్టిఫికెట్ కోసం ఇప్పుడు ఎవరి దగ్గరికీ వెళ్ళడు. ఆయన్ని ఏ కాగితం దగ్గర ఆపుతారు?

పాత ఇళ్ళకు సంబంధించి ఏ ఊళ్ళోనైనా వచ్చే చిక్కు ఇదే. కొత్త ఇంటికి అనుమతి అనే గేటు ఉంటుంది. పాత ఇంటికి గేటే లేదు.

కవిత_కరీంనగర్
గేటు లేకపోవడమేంటి సూరి గారూ, ఏటా ఇంటిపన్ను కట్టట్లేదా?

బెజవాడ_శీను
తెల్ల పెయింటుకి అంత పాలసీ ఎందుకండీ. మా తాతగారి హయాంలో ఉగాదికి ముందు డాబా మీద సున్నం కొట్టేవాళ్ళు. సున్నం, కాస్త జిగురు, ఒక చీపురు. అయిపోయేది. ఇప్పుడు సున్నం కొట్టేవాడే దొరకట్లేదు, అది వేరే బాధ.

మల్కాజ్‌గిరి_రమణ
@బెజవాడ_శీను డాబా మనది కాదు సోదరా. మిద్దెమీదికి పోయే మెట్లకు తాళం ఉంటది, తాళంచెవి ఓనర్ దగ్గర.

స్లాబు_మేస్త్రి
సున్నం గురించి నేను చెప్తా, ముప్పై ఏళ్ళ నుంచి ఇదే పని. సున్నం తక్కువ ఖర్చు, మంచి తెలుపు. కాని ఒక వానాకాలం పోతే సగం కొట్టుకుపోతది, మళ్ళ ఏడాది మళ్ళ కొట్టాలె. నడిస్తే కాళ్ళకంటుతది, బట్టలు ఆరేస్తే మరకలు. ఆడోళ్ళు వడియాలు పెట్టుకునే మిద్దెకు సున్నం కొడితే రెండోరోజే తిడతరు.

కంపెనీ కూల్ రూఫ్ పెయింట్ కొన్నేళ్ళు ఆగుతది, కాని కింద పని సరిగ చేస్తేనే. చాలమంది చేసేది ఏందంటే పాచి మీదనే రోలర్ తిప్పుతరు. ఒక ఎండకు పొట్టు లేస్తది. ముందు వైర్ బ్రష్ పెట్టి నల్ల పాచి మొత్తం గీకాలె. నీళ్ళు కొట్టి కడగాలె, రెండు రోజులు ఆరనియ్యాలె. పగుళ్ళు వి ఆకారంల చెక్కి నింపాలె. పిట్టగోడ, స్లాబు కలిసే మూల ఉంటది చూడు, ఆడ గోలా (మూలను సిమెంటుతోని గుండ్రంగ పూడ్చుడు) పెట్టాలె. ఆ తర్వాత ప్రైమర్, ఆ పైన రెండు కోట్లు. మొదటిది నిలువు, రెండోది అడ్డం. నీళ్ళు నిలిచే గుంట ఉంటే ముందు దాన్ని సరిచెయ్యాలె, లేకుంటే ఆడ్నే నల్లబడతది.

ఇంకో మాట. స్లాబు కారుతుంటే పెయింట్ దాన్ని ఆపదు. వాటర్‌ప్రూఫింగ్ ముందు, తెలుపు తర్వాత.

లక్ష్మీ_సుజాత
వడియాల మాట నిజం 😀 మా అత్తగారు చైనా మొజాయిక్ వేయించారు, విరిగిన తెల్ల టైల్స్ ముక్కలు. ఇన్నేళ్ళయినా చెక్కుచెదరలేదు. కాళ్ళు కాలవు. తడిస్తే జారుతుంది, అంతే.

విద్యుత్_వేణు
నిజంగా ఎంత తగ్గుతుందన్నది ముందు చూద్దాం. హైదరాబాద్‌లో 2017లో పేదల బస్తీలో 25 ఇళ్ళ మీద ఒక ప్రయోగం చేశారు. జీహెచ్‌ఎంసీ, ఐఐఐటీ, ఆస్కీ (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ), అమెరికా పర్యావరణ సంస్థ ఎన్‌ఆర్‌డీసీ కలిసి చేసింది. పైకప్పు మీద హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ తెల్ల షీటు పరిచారు. పరచని ఇళ్ళతో పోలిస్తే లోపల సగటున 2 డిగ్రీలు తక్కువ. ఆ తర్వాత 2023లో వచ్చిన పాలసీకి పునాది ఒక రకంగా అదే.

మాటకు_మాట
2 డిగ్రీలా? దానికి ఇంత హడావుడా?

విద్యుత్_వేణు
@మాటకు_మాట 2 డిగ్రీలంటే తక్కువేమీ కాదు. ఏసీ సెట్టింగ్ ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ 24 దగ్గర మొదలయ్యేలా పెట్టించింది కూడా అందుకే. అదలా ఉంచండి, ఏసీ లేని ఇంట్లో ఆ రెండు డిగ్రీలంటే రాత్రి పదకొండుకి నిద్రపట్టడం, రెండింటికి పట్టడం మధ్య తేడా. రమణ గారు రాసింది చూశారు కదా.

పైగా పైకప్పు వేడి గాలి ఉష్ణోగ్రతలో మాత్రమే కనపడదు. స్లాబు పగలంతా ఎండ తాగి, సాయంత్రం నుంచి కిందికి వదులుతుంది. గదిలో థర్మామీటర్ 34 చూపించినా, వేడెక్కిన స్లాబు కింద పడుకుంటే ఒంటికి అంతకన్నా ఎక్కువే తెలుస్తుంది. స్లాబే వేడెక్కకుండా చేస్తే ఆ బాధే ఉండదు.

సివిల్_సూరి
వేణు గారి మాటకి కొంచెం కలుపుతాను. తెలుపు ఒక్కటే చూడకూడదు. ఎండని ఎంత తిప్పికొడుతుందన్నది ఒకటి, తాగిన వేడిని ఎంత త్వరగా ఆకాశానికి వదిలేస్తుందన్నది రెండోది. ఈసీబీసీ 2017లో (భవనాల్లో ఇంధన పొదుపు నియమావళి) కూల్ రూఫ్ అంటే ఒకటికి మొదటిది కనీసం 0.6, రెండోది 0.9 ఉండాలన్నారు. మెరిసే జీఐ రేకు ఎండని బాగానే తిప్పికొడుతుంది, తాగిన వేడిని మాత్రం వదలదు. అందుకే మధ్యాహ్నం దాని మీద చెయ్యి పెట్టలేం. అదే రేకు మీద తెల్ల పెయింట్ వేస్తే రెండూ కుదురుతాయి.

ఎన్నారై_నాగ్
ఇంగ్లండ్ లీడ్స్‌లో ఉంటాను. రమణ గారి ఓనర్ మాట ఇక్కడా విన్నదే. ఇక్కడ చలి, మీకు ఎండ, అంతే తేడా. ఇల్లు బాగుచేసే ఖర్చు ఓనర్‌ది, బిల్లు మిగిలేది అద్దెకున్నవాడికి. ఓనర్ ఎందుకు చేస్తాడు?

ఇక్కడ దానికి చట్టం తెచ్చారు. అమ్మే, అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ ఏ (A) నుంచి జీ (G) వరకు ఎనర్జీ రేటింగ్ సర్టిఫికెట్ ఉండాలి, అది పదేళ్ళు చెల్లుతుంది. 2018 ఏప్రిల్ నుంచి ‘ఈ’ (E) కన్నా కింద రేటింగ్ ఉన్న ఇంటిని కొత్తగా అద్దెకివ్వకూడదు. 2020 నుంచి అప్పటికే అద్దెకున్న ఇళ్ళకూ అదే వర్తిస్తుంది. ఓనర్ పెట్టాల్సిన ఖర్చుకు మాత్రం 3,500 పౌండ్ల పరిమితి ఉంది, అది దాటితే మినహాయింపు అడగొచ్చు. అమలు చూడాల్సింది స్థానిక కౌన్సిళ్ళు. ఫ్రాన్స్‌లో 2025 జనవరి నుంచి జీ రేటింగ్ ఇళ్ళను కొత్తగా అద్దెకివ్వడానికి లేదు.

మాటకు_మాట
అలాంటిది ఇక్కడ పెడితే ఓనర్ మర్నాడే అద్దె రెండు వేలు పెంచుతాడు. లేదంటే "ఖాళీ చెయ్యండి, మా అబ్బాయి వస్తున్నాడు" అంటాడు. హైదరాబాద్‌లో అద్దెకున్నవాడికి కాగితం మీద పదకొండు నెలల బతుకు.

కవిత_కరీంనగర్
మాటకు_మాట గారితో ఈ ఒక్కసారికి ఏకీభవిస్తున్నా. శిక్షతో మొదలుపెడితే అద్దెకుండేవాళ్ళ మీదే పడుతుంది. నేను ఇంటిపన్ను అన్నది అందుకే. జీహెచ్‌ఎంసీలో ఏప్రిల్‌లోనే పన్ను కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఇస్తున్నారు కదా, జనం ఎట్లా క్యూ కడతారో చూశాం. పైకప్పుకు తెలుపు వేయించి ఫోటో పెడితే ఇంకొంత తగ్గింపు అన్నారనుకోండి. ఓనర్‌కి తన జేబులో కనపడే లాభం. ఏప్రిల్‌లోనే రావడం ఇంకా మంచిది, ఎండాకాలం ముందు కాబట్టి.

పుణె_ప్రసాద్
పుణెలో ఇలాంటిదే ఉంది. ఇంటికి సోలార్, వానపాముల ఎరువు, వాననీటి నిల్వ వీటిలో ఒకటి పెడితే ఇంటిపన్నులో 5 శాతం, రెండు పెడితే 10 శాతం తగ్గింపు. సొసైటీలు దీనికోసమే తీర్మానాలు చేసుకుంటాయి. మా సొసైటీలో సోలార్ వాటర్ హీటర్ అలాగే వచ్చింది. ఆ తర్వాత అది పనిచేస్తోందా లేదా అని తనిఖీకి వస్తారు. పాడైపోతే తగ్గింపు పోతుంది. ఆ తనిఖీ లేకపోతే మాత్రం మొత్తం ఉత్తిదే అయ్యేది.

సివిల్_సూరి
తనిఖీ దగ్గరే నా భయం. ఇంకుడు గుంతలు గుర్తున్నాయా? 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం నాటి నుంచి ఉన్న నిబంధన. అనుమతి కోసం గుంత తవ్వారు, ఫోటో తీశారు, కొన్నాళ్ళకి దాని మీదే కారు పార్కింగ్ టైల్స్ వేశారు. తెలుపు పెయింట్ కూడా ఏప్రిల్‌లో ఫోటో, ఆ తర్వాత రెండేళ్ళు పాచి.

స్లాబు_మేస్త్రి
గుంత భూమిలోపట ఉంటది, పైకప్పు ఆకాశానికి కనపడతది సారూ. ఎక్కకుండనే తెలుస్తది.

విద్యుత్_వేణు
మేస్త్రి గారు అన్నది వంద శాతం నిజం. ఉపగ్రహ చిత్రంలో ఏ కప్పు తెల్లగా ఉందో, ఏది నల్లబడిందో కనపడుతుంది. పక్కింటివాడు డాబా ఎక్కినా కనపడుతుంది. తనిఖీ ఇంత తేలికైన నియమం ఇంకోటి ఉండదు.

డాబా_ఇల్లు
ఓనర్ల తరఫున ఒక్కడినైనా మాట్లాడాలి కదా. మాది 200 గజాలు, కింద మేం, పైన రెండు పోర్షన్లు అద్దెకు. రిటైరయ్యాక ఆ అద్దె మీదే మా ఇల్లు నడుస్తుంది. పాలసీ ప్రకటించినప్పుడు మంత్రి గారు చదరపు మీటరుకు 300 రూపాయల వరకూ అవుతుందన్నారు. 100 చదరపు మీటర్ల కప్పుకు 30 వేలు. మాకది రెండు నెలల అద్దె. ఓనర్లంటే అందరూ డబ్బున్నవాళ్ళు కాదు. ఇల్లు కట్టడానికి తెచ్చిన అప్పు ఇంకా కడుతున్నవాళ్ళున్నారు. ఇంటిపన్నులో 5 శాతం తగ్గిస్తే ఏటా మిగిలేది కొన్ని వందలు. కొన్ని వందల కోసం 30 వేలు ఎవరు పెడతారు కవిత గారూ?

కవిత_కరీంనగర్
@డాబా_ఇల్లు మీరన్నది నిజమే, పన్ను తగ్గింపు ఒక్కటే సరిపోదు. ఖర్చు ఒకేసారి మీద పడకుండా చూడాలి. సున్నమైతే అంత కాదు కదా, మొదటి ఏడు దాంతో మొదలుపెట్టొచ్చు.

గుంటూరు_గోపి
ఖర్చు ఒకేసారి పడకుండా చేయడం ఎలాగో 2014లో మా గుంటూరు జిల్లాలోనే చూశాం. ఎల్‌ఈడీ బల్బులు అప్పుడు షాపులో వందల్లో ఉండేవి, మాలాంటివాళ్ళు కొనేవాళ్ళం కాదు. కరెంటు బిల్లు, ఆధార్ తీసుకుని వెళ్ళి రెండు పాత 60 వాట్ల బల్బులిస్తే రెండు ఎల్‌ఈడీలు, ఒక్కోటీ 10 రూపాయలకు ఇచ్చారు. మా అమ్మ కవర్లో పాత బల్బులు జాగ్రత్తగా పట్టుకుని లైన్లో నిలబడింది. 2015 జనవరిలో దేశమంతా చవగ్గా ఎల్‌ఈడీలిచ్చే ఉజాలా పథకం వచ్చింది. ఇప్పుడు పాత గుండు బల్బు వెతికినా కనపడదు. ఎవర్నీ బలవంతపెట్టలేదు, జరిమానా వెయ్యలేదు. చవగ్గా, కరెంటాఫీసు పక్కనే ఇచ్చారు.

కూల్ రూఫ్ పెయింట్ కూడా టోకున కొని, ఖర్చుని కరెంటు బిల్లులో నెలకింత అని కలిపితే ఎందుకు నడవదు?

మల్కాజ్‌గిరి_రమణ
గోపి అన్న, ఇది మంచి ముచ్చట. కాని బిల్లు నా పేరు మీద కలిపితే ఓనర్ ఇంటి కప్పుకు నేను కడుతున్నట్టయితది. రెండేండ్లకు ఇల్లు ఖాళీ చేస్తే?

గుంటూరు_గోపి
మీటరుతో పాటు ఉండాలి, మనిషితో కాదు. మీరు వెళ్ళిపోతే తర్వాత వచ్చినవాళ్ళు కడతారు, చల్లదనం అనుభవించేదీ వాళ్ళే. నెలనెలా కట్టేది, మిగిలే కరెంటు కన్నా తక్కువుంటే ఎవరికీ నష్టం లేదు.

విద్యుత్_వేణు
ఇక్కడ తెలంగాణకు ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది, ఎవరూ ఎత్తలేదు. గృహజ్యోతి. 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి 200 యూనిట్ల లోపు అయితే బిల్లు సున్నా. అద్దెకున్నవాళ్ళకీ వస్తుంది. మంచిదే, కాదనను. కానీ 200 లోపు వాడేవాడికి 190 అయినా 120 అయినా బిల్లు సున్నానే. మిగిల్చితే మిగిలేది ఏమీ లేదు. అదే 201 అయితే మొత్తం బిల్లు కట్టాలి. 200 దాటినవాళ్ళకు మొదటి 200 యూనిట్లకూ యూనిట్ 5.10 రూపాయల చొప్పున వేస్తారు, అంటే వెయ్యి దాటుతుంది.

కాబట్టి మే నెలలో 230, 250 దగ్గర ఉండేవాళ్ళకి కూల్ రూఫ్, మంచి ఫ్యాన్లు అంటే నేరుగా వెయ్యి రూపాయల పైన లాభం. వాళ్ళని పట్టుకోవాలి ముందు. వాళ్ళెవరో డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) దగ్గర నెలవారీ లెక్కల్లోనే ఉంది.

లక్ష్మీ_సుజాత
ఇది నాకు సరిగ్గా తగిలింది. పోయిన మే నెలలో కొద్దిలో 200 దాటి బిల్లు చూసి మా ఆయన రోజంతా ఫ్యాన్లు ఆపేస్తూ తిరిగారు. ఫ్యాన్లు మారిస్తే నిజంగా అంత తేడా వస్తుందా వేణు గారూ?

విద్యుత్_వేణు
మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్ 30 వాట్లు. ఫ్యాన్‌కి 45 వాట్ల మిగులు. నాలుగు ఫ్యాన్లు, ఎండాకాలంలో రోజుకు 15 గంటలు తిరిగితే రోజుకు 2.7 యూనిట్లు, నెలకు 81. మీకు ఆ నెల సున్నా బిల్లు వచ్చేది. ఫ్యాన్ దాదాపు మూడు వేలు. అద్దె ఇల్లయినా ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని పట్టుకెళ్ళొచ్చు. 2023 నుంచి ఫ్యాన్లకీ స్టార్ లేబుల్ తప్పనిసరి, ఐదు స్టార్లు చూసి కొనండి.

ముందు ఎక్కువసేపు తిరిగే ఫ్యాన్ మార్చండి. అన్నీ ఒకేసారి అక్కర్లేదు.

లక్ష్మీ_సుజాత
హాల్లో ఫ్యాన్ అయితే మా మామగారు ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. అంటే ఇరవై నాలుగ్గంటలూ. అక్కడ నుంచే మొదలు.

మాటకు_మాట
అపార్టుమెంట్ల సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు. మేం ఐదో అంతస్తు. కప్పు అందరిదీ, వేడి మా నలుగురిది. అసోసియేషన్ మీటింగులో కూల్ రూఫ్ మాట ఎత్తితే రెండో అంతస్తాయన లేచి "మీరు పైది తెలిసే కదా కొన్నారు, మీరే వేసుకోండి" అన్నాడు. కార్పస్ ఫండ్‌లో (అసోసియేషన్ ఉమ్మడి నిధి) డబ్బుంది. గేటు దగ్గర గ్రానైటుకు ఖర్చు పెట్టారు.

స్లాబు_మేస్త్రి
ఇది రోజూ చూస్తం. ఐదో అంతస్తోళ్ళు పిలుస్తరు, రేటు మాట్లాడుతరు, మీటింగుల ఆగిపోతది.

సివిల్_సూరి
గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళు కూడా లిఫ్ట్ మెయింటెనెన్స్ కడతారు కదా? అదే లెక్క. కప్పు ఉమ్మడి ఆస్తి, దాని కాపుదల ఉమ్మడి ఖర్చు. ఎండకి స్లాబు రోజూ వ్యాకోచించి, రాత్రి ముడుచుకుని, ఆ ఒత్తిడికే పగుళ్ళొస్తాయి. పగుళ్ళలో నీళ్ళు దిగి లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తెల్ల కప్పు వేడి తగ్గించడంతో పాటు స్లాబు ఆయుష్షు పెంచుతుంది. స్లాబు పాడైతే రెండో అంతస్తాయన ఫ్లాటు విలువ కూడా పడిపోతుంది. మీటింగులో "చల్లదనం" అనకండి, "స్లాబు రక్షణ" అనండి. వాటర్‌ప్రూఫింగ్ పనిలోనే కలిపి తెల్ల కోటు అడగండి.

డాబా_ఇల్లు
ఇది బాగుంది సూరి గారూ. నిజానికి ఈ మాట నాకూ పనికొస్తుంది. అద్దెకున్నవాళ్ళ చల్లదనం కోసమంటే మా ఆవిడ ఒప్పుకోదు, స్లాబు కోసమంటే ఒప్పుకుంటుంది.

మల్కాజ్‌గిరి_రమణ
మా ఓనరమ్మకు గూడ ఇదే చెప్త.

బెజవాడ_శీను
సోలార్ పెట్టించుకుంటే రెండు పనులూ అవుతాయి కదండీ? పలకల నీడ పడ్డ చోట స్లాబుకి ఎండ తగలదు. కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్‌లో 1 కిలోవాట్‌కి 30 వేలు, 2కి 60 వేలు, 3 కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ.

విద్యుత్_వేణు
సొంత ఇంట్లో ఉంటూ నెలకు 300 యూనిట్లు దాటేవాళ్ళకు మంచి దారి. కానీ 200 లోపు సున్నా బిల్లు వచ్చే ఇంటికి సోలార్ లెక్క కుదరదు, అద్దె ఇళ్ళకు అసలే కుదరదు. పలకలు కప్పులో కొంతే కప్పుతాయి, మిగతాది తెల్లగా చెయ్యాల్సిందే. పైగా పలక వేడెక్కితే ఉత్పత్తి తగ్గుతుంది. చుట్టూ కప్పు చల్లగా ఉంటే దానికీ మంచిదే.

పాతబస్తీ_పర్వీన్
మీరంతా స్లాబుల గురించి మాట్లాడుతున్నారు. మా గల్లీలో సగం సిమెంటు రేకులు. కిటికీ ఒకటే, అదీ గల్లీలోకి. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఇంట్లో కుట్టుమిషన్ ముందు కూర్చోలేం. కుట్టుపని చేసే ఆడవాళ్ళం బయట అరుగు మీదకి వస్తాం. పని గంటలు పోతాయి, కూలీ పోతుంది. కరెంటు బిల్లు ఎంత తగ్గిందన్నది మాకు లెక్క కాదు. పని చేసుకోగలిగామా లేదా అన్నదే లెక్క.

కవిత_కరీంనగర్
పర్వీన్ గారూ, ఇది అందరికన్నా ముందు రాయాల్సిన మాట. రేకుకు స్లాబులాగా వేడిని పట్టి ఉంచే మందం లేదు, ఎండ పడ్డ నిమిషాల్లో వేడి లోపలికి దిగుతుంది. అందుకే తెల్లకోటు లాభం కూడా రేకుల ఇళ్ళలోనే వెంటనే తెలుస్తుంది. అహ్మదాబాద్‌లో 2010 మే వడగాలుల తర్వాత 2013లో హీట్ యాక్షన్ ప్లాన్ తెచ్చారు. 2017లో అక్కడ 3,000 పైకప్పులకు తెల్ల సున్నం వేయించారు, ఎక్కువగా బస్తీల్లోనే. వలంటీర్లు, కాలేజీ పిల్లలు కూడా బ్రష్షులు పట్టారు. మనకి వార్డుకి ఒక బస్తీ చొప్పున మొదలుపెట్టినా చాలు.

స్లాబు_మేస్త్రి
రేకుల మీదికి ఎక్కేటప్పుడు జాగ్రత్త తల్లీ. పాత సిమెంటు రేకు కాలు పెడితే విరుగుతది, మనిషి లోపలికి పడతడు. అడ్డంగ పలక వేసుకోని, బోల్టులున్న దూలం మీదనే నడవాలె. పాత రేకుల ఆస్‌బెస్టాస్ ఉంటది, వైర్ బ్రష్‌తోని పొడిగ గీకొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. తడిపి, మెత్త చీపురుతోని కడిగి, అప్పుడు రంగు. స్లాబుకు చెప్పిన పద్ధతి రేకుకు పనికిరాదు.

పాతబస్తీ_పర్వీన్
ఈ సంగతి ఎవరూ చెప్పలేదు మేస్త్రి గారూ. మా మరిది ఈ ఆదివారమే వైర్ బ్రష్ తెచ్చి పెట్టాడు. ఆపేస్తాను.

మాటకు_మాట
సరే, తెలుపు వేస్తే పక్క పెద్ద బిల్డింగు వాళ్ళు కళ్ళు చెదురుతున్నాయని గొడవకొస్తే?

సివిల్_సూరి
ఎత్తయిన బిల్డింగు కిటికీ ఎదురుగా కింద తెల్ల డాబా ఉంటే కొంత మెరుపు ఉంటుంది, కాదనను. నిగనిగలాడే ఫినిషింగ్ కాకుండా మ్యాట్ ఫినిషింగ్ తీసుకోండి. ఎండని తిప్పికొట్టేలా చేసిన లేత రంగులు కూడా వస్తున్నాయి, పూర్తి తెలుపే కానక్కర్లేదు.

ఎన్నారై_నాగ్
ఒక హెచ్చరిక కూడా. ఏ పథకమైనా సబ్సిడీ పెట్టి ఒక్కసారిగా హడావుడిగా చేస్తే నష్టాలుంటాయి. ఆస్ట్రేలియాలో 2009లో ఇళ్ళ అటకల్లో ఇన్సులేషన్‌కి ప్రభుత్వం డబ్బిచ్చింది. రాత్రికి రాత్రి కొత్త కాంట్రాక్టర్లు పుట్టుకొచ్చారు, శిక్షణ లేని కుర్రాళ్ళు పనిలో దిగారు. నలుగురు చనిపోయారు. 2010లో పథకం ఆపేశారు, 2014లో రాయల్ కమిషన్ విచారణ జరిగింది. మేస్త్రి గారు రేకుల గురించి చెప్పింది చదివాక అదే గుర్తొచ్చింది. పనివాళ్ళకి శిక్షణ, ఇన్సూరెన్స్ పాలసీలోనే రాయాలి.

స్లాబు_మేస్త్రి
నాగ్ సారు మంచి మాట అన్నడు. మాకు నడుముకు తాడు గూడ ఎవరు ఇయ్యరు. పని నేర్పి, సర్టిఫికెట్ ఇచ్చి, వార్డుల పేర్లు రాసిపెడితే జనానికీ నమ్మకం, మాకూ ఎండాకాలం పని.

కవిత_కరీంనగర్
ఇంతసేపు మాట్లాడాం, ఒక వినతిపత్రం రాద్దాం. హైదరాబాద్ వాళ్ళు సోమవారం ప్రజావాణిలో (అధికారులు జనం వినతులు తీసుకునే కార్యక్రమం) ఇవ్వొచ్చు, మేం ఇక్కడ కలెక్టరేట్‌లో ఇస్తాం. నా ముసాయిదా: 600 గజాల లోపు పాత ఇళ్ళకు, తెల్ల కప్పు వేయిస్తే ఇంటిపన్నులో తగ్గింపు. అద్దె పోర్షన్లున్న ఇంటికి తగ్గింపు ఇంకొంచెం ఎక్కువ, ఆ ఏడాది అద్దె పెంచకూడదన్న షరతుతో. ఖర్చు కరెంటు మీటరుకి వాయిదాలుగా. రేకుల ఇళ్ళకు ఉచితంగా, బస్తీల వారీగా. పనివాళ్ళకు శిక్షణ, బీమా.

డాబా_ఇల్లు
అద్దె పెంచకూడదన్న షరతు ఒక ఏడాదికే అయితే సంతకం పెడతాను. మూడేళ్ళంటే పెట్టను.

మల్కాజ్‌గిరి_రమణ
ఒక ఏడాదే ఉండనీ. నేను టైప్ చేసి ఇక్కడ పెడత. పర్వీన్ అక్క, మీ కుట్టుపని గంటల సంగతి మీ మాటల్లనే రాసి ఇయ్యుండ్రి, అది ముందు పేజీల ఉండాలె.

పాతబస్తీ_పర్వీన్
రాస్తాను. మా గల్లీలో ఎన్ని రేకుల ఇళ్ళున్నాయో కూడా లెక్కపెట్టి పంపుతాను.

విద్యుత్_వేణు
"వాయిదాలు" అన్న చోట నెల వాయిదా ఆ ఇంటికి మిగిలే కరెంటు ఖర్చు దాటకూడదని కూడా చేర్చండి. గృహజ్యోతి సున్నా బిల్లు వచ్చే ఇళ్ళకు వాయిదా వేస్తే వాళ్ళకు మిగిలేదేమీ లేదు, భారమే. వాళ్ళని రేకుల ఇళ్ళతో పాటు ఉచితం జాబితాలో కలపాలి.